దమ్ము వచ్చినచోట నిలిచి, మరల నడచుట

హైదరాబాదునుండి వాడి పోవు రైలుమార్గమున సుమారు 70 కిలోమీటర్లు పడమరగా ప్రయాణము చేసి, వికారాబాదు కూడలిలో దిగి, పట్టణమును దాటి అడవిలోనికి మలుపు తిరిగిన బాట పట్టినవారికి, మూసీనది పుట్టుచోటుగా ప్రసిద్ధికెక్కిన అనంతగిరి కొండలలో, అనంతపద్మనాభస్వామి ఆలయమునకు అనతిదూరముననే, చెట్లనీడన ఒదిగియున్న ఒక ఆసుపత్రి కనబడును. అది నిజాము ప్రభుత్వకాలమునుండి క్షయరోగులకు ఆశ్రయమైన ఆరోగ్యశాల. నేటి యువకులు కొండదారులలో నడచుటకును, ఫోటోలు తీసికొనుటకును ఆదివారమునాడు మోటారుసైకిళ్ళమీద గుంపులుగా ఇచ్చటికి వచ్చుచుందురు. కాని ఒకప్పుడు ఈ కొండకు వచ్చినవారు నడచుటకు వచ్చినవారు కారు, పడుకొనుటకు వచ్చినవారు. మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, కదలక మెదలక పరుండుట, ఈ మూడే క్షయకు మందులని లోకమంతయు నమ్మిన కాలమది.

తరువాత ఔషధములు వచ్చినవి, ఆ నమ్మకము సడలినది. కాని వైద్యులు విడిచిపెట్టిన ఆ పరుపును మన గృహములు మాత్రము నేటికిని విడువలేదు. ఇంటిలో ఎవరికైన షుగరో, బీపీయో, గుండెజబ్బో, దమ్మో, మోకాళ్ళనొప్పులో వచ్చినచో, మనము మొట్టమొదట చేయు ఉపచారము వారి చేతిలోని పనిని అందుకొని వారికొక కుర్చీ చూపించుట. ప్రేమతోనే చేయుదుము, గౌరవముతోనే చేయుదుము. రోగియు దానిని ప్రేమగానే స్వీకరించును. ఆ కుర్చీ రోగలక్షణములను తగ్గించుటకు మారుగా ఎట్లు పెంచుచున్నదో, కదలికను ఎంత మోతాదులో ఎట్టి జాగ్రత్తతో ఇచ్చినచో అది మందువలె పనిచేయునో చెప్పుటకే ఈ వ్యాసము. నేను వైద్యుడను కాను. అయినను ఈ విషయమును మా యింటనే, మా పెద్దమ్మయందు, కన్నులార చూచినవాడ నగుటచే ఇంత ధైర్యముతో వ్రాయుచున్నాను.

మా పెద్దమ్మది తాండూరు. వికారాబాదునుండి అదే రైలుమార్గమున ఇంకను సుమారు 40 కిలోమీటర్లు పోయినచో వచ్చునది, కందికిని నాపరాతికిని పేరుపడిన ఊరు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. పెద్దమ్మ నలుబదియేండ్లు కట్టెలపొయ్యి ముందు కూర్చుండి వండినది. ఆ పొగ ఊపిరితిత్తులలో చేరి చేరి, అరువదవయేట దమ్ముగా బయటపడినది. దానికి తోడు షుగరు. ఒక వైద్యుడు, అతని ఉద్దేశము మంచిదే కావచ్చును, "బరువు పనులు చేయొద్దమ్మా, రెస్టు తీసుకో" అని చెప్పి పంపెను. ఆ ఒక్కమాట ఇంటిలో శాసనమైనది. ఆమె చీపురు పట్టినచో కోడలు పరుగున వచ్చి, "అత్తమ్మా, మీరు కూసోండ్రి, నేను చేస్త" అనును. బిందె ఎత్తబోయినచో మనుమడు అందుకొనును. రెండేండ్లు గడచునప్పటికి మంచము దిగి స్నానాలగదికి పోవుటకే ఆమె గోడ పట్టుకొనవలసివచ్చెను. నేను చూడబోయినపుడు, "గింత దూరం నడిస్తెనే దమ్మొస్తుంది బిడ్డా, కాళ్ళల్ల బలమే లేదు" అని చెప్పి కన్నీరు పెట్టుకొనెను. గోలీలన్నియు వేళతప్పక మ్రింగుచునే యున్నది. రోగము ముదిరినదని అందరము అనుకొంటిమి. కాళ్ళలో బలము లేదని ఆమె చెప్పిన ఆ రెండవ మాటను మాత్రము మాలో ఎవ్వరమును చెవిని పెట్టలేదు. అసలు రహస్యమంతయు ఆ మాటలోనే యున్నదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

దమ్మునకు స్థానము ఊపిరితిత్తులే అని మనకు తోచును. అది సగమే నిజము. పొగచేతనో, ధూళిచేతనో, మానిపోయిన క్షయ మిగిల్చిన మచ్చలచేతనో చెడిన ఊపిరితిత్తులు గాలిని సులువుగా ఆడింపలేవు. కావున నడచునపుడు ఆయాసము కలుగును. ఆయాసమునకు వెఱచి మనిషి నడక తగ్గించును. నడక తగ్గినకొలదిని తొడలును పిక్కలును సన్నగిల్లును. సన్నగిల్లిన కండరము కొద్దిపాటి పనికే అలసి, ప్రాణవాయువును చక్కగా వాడుకొనలేక, ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లపు భారమును తీర్చుటకై ఊపిరి మరింత వేగముగా ఆడవలసివచ్చును. అందుచే మునుపు నూరడుగులకు వచ్చిన దమ్ము ఇప్పుడు ఏబదియడుగులకే వచ్చును. అంతట మనిషి ఆ ఏబదియడుగులును మానుకొనును. రోగము ఉన్నచోటనే యున్నను లక్షణము మాత్రము నానాటికి పెరుగుచు పోవును. ఇంటివారు దానిని చూచి రోగమే పెరిగినదని తలచి, ఇంకను మెత్తని దిండు తెచ్చి వెనుక పెట్టుదురు.

ఈ క్రమమును వెనుకకు త్రిప్పవచ్చునని వైద్యశాస్త్రము నేడు నిస్సంశయముగా చెప్పుచున్నది. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు గలవారికి నడక, కాళ్ళకును చేతులకును కసరత్తు, ఊపిరి విడుచు పద్ధతి, ఇవన్నియు కలిపి కొన్ని వారములపాటు నేర్పు చికిత్స యొకటి కలదు. 2015లో కాక్రేన్ సంస్థ 65 పరిశోధనలను, వానిలోని 3,822 మంది రోగుల ఫలితములను ఒక్కచోట చేర్చి పరిశీలించినపుడు, ఈ చికిత్స పొందినవారికి ఆయాసమును నీరసమును తగ్గి, నడవగల దూరము హెచ్చినట్లు తేలెను. ఇందు విశేష మేమనగా, ఊపిరితిత్తుల శక్తిని కొలుచు పరీక్షలో అంకెలు మారకపోయినను ఆయాసము మాత్రము తగ్గును. ఊపిరితిత్తులు బాగుపడలేదు, కాళ్ళు బాగుపడినవి. బాగుపడిన కాళ్ళు అదే దూరమునకు తక్కువ ఊపిరిని అడుగును.

మా పెద్దమ్మకు ఈ సంగతి చెప్పినవాడు హైదరాబాదులోని ఒక ఫిజియోథెరపిస్టు. యంత్రములు లేవు, ఖర్చు లేదు. ఆమె యింటి అరుగునుండి వీధిమొగవరకు నాపరాతి బండలు పరచియున్నవని విని, అతడు ఆ బండలనే కొలబద్దగా చేసెను. "ఎన్ని బండలు నడిస్తే మాట తెగిపోతుందో అక్కడ ఆగండమ్మా, గోడకు చేతులానించి కొంచెం ముందుకు వంగండి, వేడి చాయ్ ఊదినట్టు పెదవులు ముడిచి మెల్లగా గాలి వదలండి, దమ్ము సర్దుకున్నాక మళ్ళీ నడవండి" అని నేర్పెను. మొదటినాడు ఆమె పదునెనిమిది బండలకు నిలిచినది. నేను ప్రక్కననే యుంటిని. ముఖము ఎఱ్ఱబడి, మెడలోని నరములు బిగిసి, గోడమీద చేతులు వణకుచుండగా, "పోతనేమో బిడ్డా" అన్నది. రెండు నిమిషములలో ఊపిరి కుదుటపడినది. తిరిగి పదునెనిమిది బండలు నడచి అరుగెక్కి కూర్చుండి, నా వంక చూచి, "పోలేదు" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖమున రెండేండ్లుగా నేను చూడని వెలుగొకటి కనబడెను. ఆయాసము వచ్చుట వేరు, అపాయము వచ్చుట వేరు అని ఆమె శరీరమే ఆమెకు నేర్పిన ఘడియ అది. ఏ వైద్యుడు ఎన్నిమార్లు చెప్పినను కలుగని నమ్మకము ఆ గోడదగ్గర కలిగినది. మనుమడు బొగ్గుతో గోడమీద గీతలు పెట్టుచు వచ్చెను. రెండు నెలలకు ఆమె వీధిమొగ చేరినది. మూడవ నెలలో కూరగాయల అంగడికి పోయి వచ్చినది. ఊపిరితిత్తుల పరీక్షలో అంకెలు మునుపటివే.

పరుండబెట్టు చికిత్స ఎట్లు పోయినదో కొంచెము చెప్పవలసియున్నది. ఇరువదవ శతాబ్దపు తొలిదినములలోనే ఇంగ్లండులోని ఫ్రిమ్లీ ఆరోగ్యశాలలో మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు, క్షయరోగులు పనిలేక పరుండి మెత్తబడిపోవుట చూచి, జ్వరము లేనివారిని మొదట కొద్దిదూరము నడిపించి, పిదప మట్టిగంపలు మోయించి, ఆపైన చిన్న పార, పెద్ద పార, ఇట్లు మెట్టుమెట్టుగా పని పెంచెను. ఉష్ణోగ్రత పెరిగినచో వెంటనే ఆపి విశ్రాంతి నిచ్చెను. మోతాదు, పరిశీలన, వెనుకంజ వేయుటకు సిద్ధముగా నుండుట, ఈ మూడును ఆనాడే ఉన్నవని గమనింపవలెను. మన తెలుగునాట మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమున క్రైస్తవ మిషనుల ఆరోగ్యశాల ఆ శతాబ్దపు రెండవ దశకమున వెలసినది. అనంతగిరి దాని తరువాతిది. ఇట్టి ఆరోగ్యశాలల ప్రాబల్యమునకు గట్టి దెబ్బ తగిలినది మన పొరుగుననే, మద్రాసులో. 1956లో అచ్చట స్థాపింపబడిన క్షయ చికిత్సాకేంద్రమువారు కొందరు రోగులను ఆరోగ్యశాలలో ఉంచియు, కొందరిని వారి యిరుకు ఇండ్లలోనే ఉంచియు, ఇరుతెగలకును ఒకే మందు లిచ్చి చూచిరి. ఇంటనున్న పేదలకు తిండి అంత మంచిది కాదు, విశ్రాంతి అంతకన్నను తక్కువ. పనిపాటలు చేసికొనుచునే యుండిరి. అయినను 1959లో ప్రకటించిన ఫలితములలో ఇరుతెగలవారును ఇంచుమించు ఒక్కతీరుననే కోలుకొనిరి. క్షయను మాన్పినది మందు గాని పరుపు కాదని దీనివలన లోకమునకు తేటపడినది.

గుండెజబ్బు చరిత్రయు ఇట్టిదే. గుండెపోటు వచ్చినవానిని వారములకొలది మంచమునుండి దింపని కాలమున, 1952లో అమెరికాలో లెవీన్, లౌన్ అను వైద్యులు రోగిని పడకకుర్చీలో కూర్చుండబెట్టుటయే గొప్ప సాహసముగా తోచినది. నేడు ఉపద్రవములు లేనివారిని ఒకటి రెండు దినములలోనే మెల్లగా నడిపించుచున్నారు. గుండె బలహీనపడిన రోగులు కూడ క్రమమైన వ్యాయామమును అపాయము లేక చేయగలరని 2009లో వెలువడిన, 2,331 మందితో జరిగిన ఒక పరిశోధన చూపెను. ఇక పరుపు చేయు హాని ఎంతటిదో తెలిసికొనగోరువారికి 1966లో అమెరికాలోని డాలసు నగరమున జరిగిన పరిశోధన యొకటి చాలును. ఇరువదియేండ్ల ప్రాయమున నున్న ఐదుగురు ఆరోగ్యవంతులను మూడువారములు మంచముమీద ఉంచి, వారి దేహము ప్రాణవాయువును వాడుకొను శక్తిని కొలిచిరి. ముప్పదియేండ్ల తరువాత, వారికి ఏబది దాటినపుడు, ఆ ఐదుగురినే వెదకి పట్టుకొని మరల కొలిచిరి. ముప్పదియేండ్ల వార్ధక్యము చేసిన నష్టముకన్న, యౌవనములోని ఆ మూడువారముల శయ్య చేసిన నష్టమే హెచ్చుగా నుండెను. ఐదుగురు ఆరోగ్యవంతుల పాటు అట్లున్నచో, అరువది దాటి, రోగముతో నున్న మన పెద్దవారిని నెలలతరబడి కూర్చుండబెట్టుట ఎట్టిదో పాఠకులే ఊహింపవచ్చును.

షుగరు మాట. భారతీయ వైద్య పరిశోధన మండలివారి సర్వే ప్రకారము, 2023లో ప్రకటించిన లెక్కలలో, మన దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహముతో జీవించుచున్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయని దేహమున సయితము, కండరము కదలినపుడు ఆ ఇన్సులినుతో నిమిత్తము లేకయే రక్తములోని చక్కెరను తనలోనికి తీసికొనును. ఆ ప్రభావము నడక ముగిసిన పిదపను ఒకటి రెండు దినములు కొంత నిలుచును. కావుననే వ్యాయామమును వరుసగా రెండు దినములకు మించి మానరాదని వైద్యులు చెప్పుదురు. భోజనమైన పిదప పది పదునైదు నిమిషములు నడచిన, అన్నముతో పెరుగు చక్కెర అంతగా పెరుగదు. ప్రాచీనులు దీని నెరుగనివారు కారు. ప్రమేహచికిత్సలో సుశ్రుతుడు నూరు యోజనముల కాలినడకను, బావి త్రవ్వుటను గూడ విధించెను. ఆయనయే మరియొకచోట వ్యాయామమును తన బలములో సగమువరకే చేయవలెనని హద్దు పెట్టెను. ఈ హద్దు నాకు మిక్కిలి నచ్చినది. సగము బలము అనగా ఏమో ప్రతివాడును తన దేహమునుండియే తెలిసికొనగలడు. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో అది తగిన వేగమని నేటివారు చెప్పుచున్నదియు ఇంచుమించు అదే.

షుగరు గలవారికి తాండూరులో ఒక ప్రత్యేకమైన జాగ్రత్త చెప్పవలసియున్నది. చిరకాలపు మధుమేహమువలన పాదములలో స్పర్శ తగ్గిపోవును. వేసవిలో మధ్యాహ్నము నాపరాతి బండలు నిప్పువలె కాలును. స్పర్శ లేని పాదము ఆ వేడిని ఎరుగదు. బొబ్బ లేచినను తెలియదు. ఆ బొబ్బయే పుండై, పుండు ముదిరి, వ్రేలు తీయవలసినంతవరకు పోవును. కావున వాకిటిలోనైనను వట్టికాళ్ళతో నడవరాదు, నడక ముగిసిన పిదప అరికాళ్ళు చూచుకొనక నిద్రపోరాదు. ఇన్సులినో, చక్కెరను బలముగా దించు గోలీలో వాడువారు నడకకు పోవునపుడు జేబులోనో కొంగుననో కొంచెము చక్కెర ఉంచుకొనవలెను. చెమట, వణకు, ఆకలి, కళ్ళుతిరుగుట కలిగినచో వెంటనే నోట వేసికొనవలెను.

మోకాళ్ళనొప్పులవారు, కదలినకొలది కీళ్ళు అరుగునని భయపడుదురు, బండిచక్రముతో పోల్చుకొందురు. కీలు చక్రము వంటిది కాదు. కీలులోని మృదులాస్థికి రక్తనాళములు లేవు. కాలు మోపినపుడు కొంచెము నొక్కబడి, ఎత్తినపుడు మరల విచ్చుకొనుచు, కీలులోని ద్రవమునుండియే అది పోషణ పొందును. తొడముందరి కండరము బలముగా నున్నచో మోకాలిపై పడు భారమును అది పంచుకొనును. కుర్చీలోనుండి చేతుల ఊతలేక లేచి కూర్చుండుట, పదిసారులు, దినమునకు రెండుమార్లు, అదియే మందు. మొదటి వారములలో నొప్పి కొంచెము కలుగును. ఆ నొప్పి మరునాటి ఉదయమునకు మామూలు స్థితికి వచ్చినచో మోతాదు సరిపోయినట్లు. మరునాడును మిగిలియున్నచో, కీలు వాచినచో, మోతాదు హెచ్చినట్లు. మానవద్దు, తగ్గింపవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు కూర్చున్నవారి సంగతి. తాండూరు గనులలోను, బండలు కోసి నునుపుచేయు కార్ఖానాలలోను పనిచేయువారితో వ్యాయామము మాట ఎత్తినచో, "పొద్దంత బండలు మోస్తనే ఉన్నం గదా, ఇంక కసరత్తేంది" అందురు. కందిచేలలో నడుము వంచి కలుపు తీయు స్త్రీలును అట్లే అందురు. వారి ప్రశ్న న్యాయమైనది; దానికి సమాధానము చెప్పక నడక గొప్పదనుట వారికి అవమానము. 1953లో జెరెమీ మోరిస్ అను వైద్యుడు లండను బస్సులలో పరిశోధన చేసి, దినమంతయు కూర్చుండి బండి నడుపు డ్రైవర్లకన్న, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లు కొట్టు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపెను. దానినిబట్టి శ్రమయెల్ల మేలేయని లోకము తలచినది. కాని డెన్మార్కులో లక్షమందికి పైగా జనమును పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితములు వేరొక సంగతిని తెలిపినవి: తీరికవేళ చేయు వ్యాయామము గుండెకు మేలు చేయుచుండగా, బ్రతుకుతెరువుకై చేయు కఠినశ్రమ కీడు చేయుచున్నది. కారణము ఊహకు అందనిది కాదు. నడకకు పోవువాడు అలసినపుడు నిలుచును. బండ మోయువాడు నిలువలేడు. నడకలో ఊపిరి కదలును. బరువెత్తునపుడు ఊపిరి బిగబట్టవలెను, రక్తపుపోటు ఎగయును. నడకలో పీల్చునది ఉదయపు గాలి. కార్ఖానాలో పీల్చునది రాతిధూళి. కావున దమ్ముతోనో నడుమునొప్పితోనో యున్న ఆ కార్మికునికి ముందుగా కావలసినది వ్యాయామబోధ కాదు. ధూళిని అణచుటకు కోతవద్ద నీరు, ముక్కునకు తగిన మాస్కు, గంటగంటకు కొంత నిలిచి ఊపిరి తీసికొను హక్కు, ఛాతీ పరీక్ష. ఇవి సమకూర్చక అతనికి నడకయొక్క మహిమను చెప్పువారితో నేను ఏకీభవింపలేను.

మరియొక తెగవారిని గూర్చియు స్పష్టముగా చెప్పవలెను. కొందరికి, ముఖ్యముగా ఏదేని విషజ్వరము తరువాతనో, కోవిడు తరువాతనో పట్టుకొన్న దీర్ఘకాలపు నిస్సత్తువ గలవారికి, శ్రమ చేసిననాడు బాగుగనే యుండి, మరునాడో మూడవనాడో దేహమంతయు కూలిపోయినట్లగును. నిద్రచే తీరని అలసట, ఒళ్ళునొప్పులు, తలమబ్బు దినములతరబడి వీడవు. ఇట్టివారిని వారమువారము వ్యాయామము పెంచుచు పోవలెనని బలవంతము చేయుట ఒకప్పటి పద్ధతి. రోగుల గోడును, సాక్ష్యములను పరిశీలించి 2021లో బ్రిటనులోని నైస్ అను జాతీయసంస్థ ఆ పద్ధతిని విరమింపవలెనని చెప్పెను. వీరికి తగినది తమ శక్తిని గుర్తెరిగి, ఆ హద్దులోపలనే మసలుకొనుట. అందరికిని ఒకటే మంత్రము చెప్పరాదు. సోమరితనమని, మనోభ్రమయని ఇట్టివారిని నిందించుట మన యిండ్లలో ఇంకను వినబడుచున్నది, అది క్రూరము.

మిగిలిన దీర్ఘరోగులయందు నేను ఎక్కువగా చూచిన తప్పు బద్ధకము కాదు, ఎగుడుదిగుడు. దేహము కొంచెము తేలికగా తోచిన దినమున, వారమునుండి నిలిచిన పనులన్నియు ఆనాడే ముగింపవలెనని పూనుకొందురు. ఇంట పెండ్లియో, బోనాలో, కందికోతయో వచ్చినచో చెప్పనవసరమే లేదు. తరువాత మూడుదినములు మంచమెక్కుదురు; లేచిన పిదప, "పని చేస్తే గిట్లయితది" అని నెలదినములు కదలరు. ఇది తప్పవలెనన్న, మంచిదినమున ఎంత చేయగలమని గాక, చెడుదినమున ఎంత చేయగలమో చూచుకొని దానితో మొదలుపెట్టవలెను. ఐదునిమిషములే కావచ్చును. బాగున్ననాడును ఐదే, బాగులేనినాడును ఐదే. రెండువారములు అట్లు నిలిచిన పిదప ఒకటి రెండు నిమిషములు పెంచవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన వారమునకు 150 నిమిషముల లెక్క దీర్ఘరోగులకును వర్తించును గాని, అంత చేయలేనివారు చేయగలిగినంతే చేసినను మేలే యని ఆ సంస్థయే చెప్పినది.

ఎప్పుడు నిలువవలెనో గూడ తెలిసియుండవలెను. ఛాతీ మధ్య బరువెట్టినట్లుండి, ఆ నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకినను, చల్లచెమట పోసినను, కన్నులు చీకట్లు క్రమ్మినను, కూర్చున్న పిదప పది నిమిషములకు గూడ ఆయాసము తగ్గకున్నను, అది నడకవలని అలసట కాదు. వెంటనే దవాఖానకు పోవలెను. జ్వరము తగిలిననాడు నడక లేదు. అనంతగిరి చుట్టుపట్ల చలికాలపు తెల్లవారుజామున చలి గాలి ఊపిరినాళములను బిగియించును. దమ్మువారు ఎండ పొడచూపిన పిదపనే బయలుదేరి, ముక్కుమీద పలుచని గుడ్డ కట్టుకొనుట మంచిది. వేసవిలో అందుకు విరుద్ధముగా, ఎండ ఎక్కకముందే ముగింపవలెను.

ఇన్ని చెప్పినను నడచుటకు చోటేది? మగవారు బజారుకో, హోటలుకో, స్టేషనుకో ఏదో మిషతో పోయివత్తురు. అరువదేండ్ల స్త్రీ ఏ పనియు లేక ఊరక నడచినచో వీధి వింతగా చూచును. మా పెద్దమ్మ మొదటి వారమున చేతిలో ఒక ఖాళీసంచి పట్టుకొని నడచినది. అంగడికి పోవుచున్నదని చూచువారు అనుకొనవలెనని. ఆ సంచిని తలచుకొన్నపుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. పల్లెదవాఖానలో బీపీకిని షుగరుకును గోలీలు చేతికిచ్చునపుడు, ఎన్ని నిమిషములు, ఎట్లు నడవవలెనో అదే కాగితముమీద వ్రాసి యిచ్చినచో, "డాక్టరు రాసిచ్చిండు" అని చెప్పుకొనుటకు ఆమెవంటివారికి సంచి అక్కర లేకపోవును. ఆశా కార్యకర్త వారమునకొకసారి నలుగురు పెద్దవాండ్రను కూడగట్టి వీధిచివరివరకు నడిపించినచో, ఆ వీధికది అలవాటైపోవును. దీనికి భవనము అక్కరలేదు, యంత్రము అక్కరలేదు.

పెద్దమ్మకు దమ్ము పోలేదు, పోవునదియు కాదు. ఇన్‌హేలరు నేటికిని వాడుచునే యున్నది, వర్షకాలమున రెండుమార్లు దవాఖానకును పోయినది. కాని వాకిలి తానే ఊడ్చుకొనుచున్నది, కోడలు ఇప్పుడు అడ్డుపడుట లేదు.

తాండూరులో గాని, వికారాబాదులో గాని, మరెచ్చటనైన గాని, మీ యింట కుర్చీలో కూర్చుండబెట్టిన పెద్దవారున్నచో, వారి వైద్యుని ఒకమాట అడిగి, రేపు ఉదయము వారి చెప్పులు మీరే తెచ్చి ముందుంచి, వీధిలోనికి వెంటబెట్టుకొని పొండు. వారు నిలిచినచోట మీరును నిలువుడు; తొందరపెట్టకుడు. దమ్ము సర్దుకొన్న పిదప ఇంకొక పది బండలు నడిపించి ఇంటికి తీసికొని రండు.